యాభై ఆరు ఖానాల వంతెన

గురువారం రాత్రి

సికింద్రాబాద్‌లో రైలెక్కగానే అమ్మ ఒకటే మాట చెప్పింది. "నిడదవోలు వస్తే నన్ను లేపు." నేను లేపక్కర్లేకపోయింది. నిడదవోలులో బండి ఆగేసరికే తను లేచి కూర్చుని, దుప్పటి మడత పెట్టేసి, కిటికీ రెక్క పైకెత్తి బయటికి చూస్తోంది. బయట చీకటి తప్ప ఏమీ లేదు. కొవ్వూరు దీపాలు వెనక్కి పోయాయి. కాసేపటికి చక్రాల కింద చప్పుడు మారింది, చల్లగాలి ఒక్కసారిగా లోపలికి వచ్చింది. నది మీదికి వచ్చామని అప్పుడు తెలిసింది నాకు.

అమ్మ కొంగున కట్టుకున్న రూపాయి బిళ్ల తీసి నీళ్లలోకి వదిలి, దణ్ణం పెట్టుకుంది. తరవాత కాసేపు చెవి ఒగ్గి విని, "ఇది నాన్న బ్రిడ్జి చప్పుడు కాదే," అంది.

అమ్మ వాళ్ల నాన్న, అంటే మా తాతయ్య, రాజమండ్రి పాత రైలు వంతెన మీద పట్టాలు సరిచూసే కీమేన్‌గా పనిచేశాడు. అమ్మ పుట్టి పెరిగింది ఆ వంతెన చప్పుడు వినిపించే ఇంట్లో. 1997లో దాని మీద రైళ్లు ఆపేశారు. అమ్మకిప్పుడు డెబ్భై ఐదేళ్లు. "ఒక్కసారి దాన్ని దగ్గర్నించి చూడాలని ఉంది, తీసికెళ్లు," అని రెండేళ్లుగా అడుగుతోంది. ఆఫీసు పని, పిల్లల పరీక్షలు అంటూ వాయిదా వేస్తూ వచ్చాను. ఈ కార్తీకానికి కుదిరింది.

శుక్రవారం

కార్తీకం చివరి వారం కావడంతో తెల్లారకముందే పుష్కర ఘాట్ మెట్లు నిండిపోయాయి. అరటి దొప్పల్లో వెలిగించిన దీపాలు వరసగా కదులుతూ మెల్లగా లోతుకు వెళ్తున్నాయి. అమ్మ స్నానం చేసి, దీపం వదిలి, పై మెట్టు మీద కూర్చుంది. వెలుగు వచ్చేకొద్దీ వంతెనలు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి.

రెండు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి కాంక్రీటు విల్లుల వరస. రాజమండ్రి అనగానే ఫొటోల్లో కనిపించేది అదే, ఆర్చి బ్రిడ్జి. దాని పక్కన రాతి స్తంభాల మీద ఇనుప గర్డర్లతో, ఏ అలంకారమూ లేకుండా తిన్నగా పోయేది పాత వంతెన. పుస్తకాల్లో హేవలాక్ వంతెన అంటారు. ఊళ్లో ఆ పేరుతో పిలిచేవాళ్లు తక్కువ, అందరికీ అది పాత బ్రిడ్జే.

ఆ వంతెన లేని రోజుల్లో ఇక్కడ ప్రయాణం ఎలా ఉండేదో ఒకసారి ఊహించుకోవాలి. బెజవాడ దగ్గర కృష్ణ మీద రైలు వంతెన 1893లోనే వచ్చేసింది. బెజవాడ నుంచి ఒడిశాలోని కటకం దాకా తూర్పు తీరం వెంట రైలు మార్గం 1893, 1896 మధ్య విడతలు విడతలుగా తెరుచుకుంది. ఒక్క గోదావరి దగ్గరే తెగిపోయింది. బెజవాడ వైపు నుంచి వచ్చినవాళ్లు కొవ్వూరులో దిగాలి. మూటాముల్లె, పిల్లాజెల్లా అందరూ పడవెక్కి నది దాటాలి. ఈ ఒడ్డున మళ్లీ రైలెక్కాలి. ఎండాకాలమైతే సరే. శ్రావణ భాద్రపదాల్లో ఎర్రనీళ్లు ఒడ్డులు ఒరుసుకుంటూ పారేటప్పుడు ఆ దాటడం ఎంత భయంగా ఉండి ఉంటుందో గోదావరి వరద చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

1897 నవంబరు 11న వంతెన పని మొదలుపెట్టారు. 1900 ఆగస్టులో దాని మీద రైళ్లు నడిచాయి. పొడవు దాదాపు 2.7 కిలోమీటర్లు. స్తంభానికీ స్తంభానికీ మధ్య ఉండే భాగాన్ని ఖానా అంటారు. మొత్తం 56 ఖానాలు, ఒక్కో ఖానా 150 అడుగులు. మూడేళ్లు కూడా పట్టలేదు. అందులోనూ వరద నెలలు తీసేస్తే నదిలో దిగి పనిచేయడానికి దొరికిన కాలం ఇంకెంత? జేసీబీలు, పెద్ద పెద్ద క్రేన్లు చూసి అలవాటైన మనకు ఆ లెక్క నమ్మబుద్ధి కాదు.

పని నడిపించిన ఇంజనీరు గ్రాన్‌విల్ వాల్టన్. అంతకుముందు కాశీలో గంగ మీద డఫరిన్ వంతెన కట్టించింది కూడా ఆయనే. 1887లో వచ్చిన ఆ వంతెనను ఇప్పుడు మాలవీయ వంతెన అంటున్నారు. గోదావరిని మనం దక్షిణ గంగ అంటాం. కాశీలో గంగను దాటించినాయనే ఇక్కడికొచ్చి గోదావరిని దాటించాడని చెబితే అమ్మ మొహం విప్పారింది. "నాన్నకి ఈ సంగతి తెలుసో లేదో," అంది.

వంతెనకు పేరు మాత్రం అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ ఎలిబ్యాంక్ హేవలాక్‌ది. నన్నడిగితే, పేరు పెట్టాల్సింది బావుల్లో దిగినవాళ్లది. ఇది నేను మాట వరసకు అనడం లేదు. గోదావరి అడుగున ఎంత తవ్వినా ఇసుకే. ఇసుక మీద రాతి స్తంభం నిలవదు. మన పల్లెల్లో నుయ్యి తవ్వి ఒరలు దింపుతారే, అచ్చం అదే పని నది మధ్యలో చేయాలి. అడుగున పదునైన అంచున్న ఇనుప చట్రం పెట్టి, దాని మీద గుండ్రంగా గోడ కడతారు. లోపలి ఇసుక తోడేకొద్దీ ఆ గోడ తన బరువుకు తానే కిందికి దిగుతుంది. దిగినంత మేర పైన మళ్లీ కడతారు. ఒక పక్కకు ఒరిగిందో, దాన్ని నిలువుకు తెచ్చేదాకా నిద్ర ఉండదు. గట్టి పొర తగిలాక అడుగు మూసేసి, అప్పుడు దాని మీద స్తంభం లేపుతారు. ఒక నుయ్యి దింపడమే పెద్ద పని. ఇక్కడ నదికి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా వరసగా దింపుకుంటూ పోయారు. ఆ ఇసుక తోడినవాళ్లలో ఒక్కరి పేరు కూడా ఆ వంతెన మీద లేదు.

మధ్యాహ్నం ఎండెక్కాక లాడ్జికి వచ్చేశాం. సాయంత్రం అమ్మ రోజ్ మిల్క్ తాగుతానంది. చిన్నప్పుడు తాతయ్య జీతాల రోజున ఇప్పించేవాడట.

శనివారం

పొద్దున్నే పడవ మాట్లాడుకున్నాం. పడవతనికి అరవై దాటి ఉంటాయి. "పాత బ్రిడ్జి స్తంభం దగ్గరికి తీసికెళ్తావా బాబూ, చేత్తో ముట్టుకోవాలి," అని అమ్మ అడిగింది. అతను వింతగా చూశాడు. "అందరూ ఫొటోలకి ఆర్చి బ్రిడ్జి దగ్గరికి పోనీమంటారండి, పాత బ్రిడ్జి అడిగింది మీరేనండి," అన్నాడు. తాతయ్య సంగతి చెప్పాక మాత్రం, "ఆయ్, అలాగైతే జాగ్రత్తగా కూర్చోండి మామ్మగారూ," అని ఇంజను ఆపేసి, చివరి కొంత దూరం గెడ వేస్తూ తీసికెళ్లాడు.

ఘాట్ మీది నుంచి సన్నగా కనిపించిన స్తంభం దగ్గరికి పోతే కోటగోడలా ఉంది. చెక్కిన రాళ్లు వరస మీద వరస. నీటి మట్టానికి ఒక జానెడు పైదాకా పచ్చటి నాచు. దానిపైన, మొన్నటి వరద ఎక్కడిదాకా వచ్చిందో చెబుతూ ఎండిన ఒండ్రు చార. ఇంకా పైన, గర్డరు ఆనిన చోటు నుంచి తుప్పు నీళ్లు కారి కారి రాతి మీద ఎర్రటి జడల్లా దిగాయి. గర్డరు అంచు వెంట గుండీల్లాంటి రివెట్ల తలలు, ఒకదాని పక్కన ఒకటి. ఎర్రగా కాల్చి, సుత్తులతో కొట్టి బిగించినవి. రాయి పగులులో ఒక చిన్న రావి మొక్క మొలిచి ఉంది. తలెత్తి చూస్తే పావురాలు.

అమ్మ చెయ్యి చాపి రాతి మీద అరచెయ్యి ఆనించింది. కాసేపు అలాగే ఉంచింది. "చల్లగా ఉంది," అంది. ఇన్నేళ్లలో తను ఈ వంతెనను ఒడ్డు మీది నుంచి చూసింది, రైల్లోంచి చూసింది. కింది నుంచి చూడటం ఇదే మొదలు.

అక్కడే, పడవ మెల్లగా ఊగుతుండగా, తాతయ్య పని గురించి చెప్పుకొచ్చింది. కీమేన్ అంటే రోజూ తన బీటు మొత్తం నడిచి చూసుకోవాల్సినవాడు. భుజాన సంచి, చేతిలో పొడుగు పిడి సుత్తి, పెద్ద స్పానరు, ఎర్ర జెండా, పచ్చ జెండా. పట్టాను బిగించే కీ వదులైతే కొట్టి బిగించాలి. వంతెన మీద స్లీపరు చెక్కలను గర్డరుకు పట్టి ఉంచే హుక్ బోల్టులను ఒక్కొక్కటిగా చూసుకోవాలి. నేల మీద పట్టాల కింద కంకర ఉంటుంది. వంతెన మీద స్లీపరుకీ స్లీపరుకీ మధ్య సందులోంచి కింద నీళ్లే. మొదటి రోజుల్లో తాతయ్యకు కళ్లు తిరిగేవట. "నీళ్ల వంక చూడకు, చెక్క వంక చూడు" అని పాత కీమేన్ చెప్పాడట. ఎదురుగా బండి వస్తే పక్కకు తప్పుకోవడానికి అక్కడక్కడ చిన్న అరుగుల్లాంటివి ఉండేవి. వాటిలో నిలబడి పచ్చజెండా పట్టుకుంటే, ఇంజను దాటేటప్పుడు ఆ వేడీ ఆవిరీ మొహానికి కొట్టేవి. కాళ్ల కింద ఇనుము వణికేది. ఆ వణుకులో తేడా వస్తే, ఎక్కడో ఏదో వదులైందని తాతయ్యకు తెలిసిపోయేదట.

వరదల కాలంలో కాపలా ఇంకా కట్టుదిట్టం. స్తంభం మీద గీసిన గీతల్ని చూస్తూ నీరు ఎక్కడిదాకా వచ్చిందో పొద్దూ రాత్రీ చెబుతుండాలి. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద అందరికీ గుర్తే. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. అప్పటికి తాతయ్య రిటైరై ఎనిమిదేళ్లయింది. అయినా గోనెపట్టా కప్పుకుని, టార్చి లైటు పట్టుకుని గట్టు మీదికి వెళ్లి నిలబడ్డాడట. అమ్మమ్మ ఎంత మొత్తుకున్నా వినలేదు. తెల్లారి తడిసి ముద్దయి వచ్చి, "నిలబడింది" అని ఆ ఒక్క మాట అని పడుకున్నాడట.

పడవతనికీ ఒక వరద జ్ఞాపకం ఉంది. అతని అత్తవారిది బ్రిడ్జి లంక. నది మధ్యలో ఉన్న ఆ లంకకు వంతెన పేరే పెట్టుకున్నారు. గోదావరి పొంగిన ప్రతిసారీ అక్కడివాళ్లను పడవల మీద ఒడ్డుకు చేర్చాల్సిందే. "బ్రిడ్జి కిందే ఉంటామండి, బ్రిడ్జి ఎక్కడానికి మాత్రం లేదండి," అన్నాడు.

మధ్యాహ్నం బస్సులో కొవ్వూరు వెళ్లాం. అది రోడ్డు కం రైలు వంతెన మీంచి పోతుంది. పాత వంతెన మీద ఉన్నది ఒకటే లైను. అటు బండి పోతుంటే ఇటు బండి ఆగాల్సిందే. బళ్లు పెరిగేకొద్దీ అది ఇరుకైపోయింది. పైన రోడ్డు, కింద రైలు ఉండేలా రెండో వంతెన కట్టి 1974లో వాడకంలోకి తెచ్చారు. రోడ్డు భాగం 4.1 కిలోమీటర్లు, రైలు భాగం 2.8 కిలోమీటర్లు. ఇందులో పెద్ద ఖానాలు 27, ఒక్కోటి 91.5 మీటర్లు. చిన్నవి 7. రాజమండ్రి వైపు కొస తిన్నగా ఉండదు, ఊరిని తప్పించుకుంటూ వంపు తిరుగుతుంది. మధ్యలో ఉండగా కింద గూడ్సు బండి ఒకటి వచ్చింది. కనిపించలేదు కానీ బస్సు సీటులోంచి ఒంట్లోకి పాకింది. అమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఆఁ, ఇదీ. ఇలాగే ఉండేది," అంది.

కొవ్వూరులో గోష్పాద క్షేత్రం చూశాం. గౌతముడు గోహత్యా దోషం పోగొట్టుకోవడానికి తపస్సు చేసి గంగను తెచ్చిన కథను ఈ చోటుకే చెబుతారు. గోవూరే కొవ్వూరైందంటారు. రేవులో కూర్చుని అటు రాజమండ్రి వైపు చూస్తే నది ఇక్కడ ఎంత వెడల్పో అర్థమైంది. అటు గట్టు ఒక నల్లటి చారలా ఉంది అంతే.

ఆదివారం

ధవళేశ్వరం వెళ్లొచ్చాం, బాగా రద్దీగా ఉంది. బ్యారేజీ, కాటన్ మ్యూజియం గురించి చాలామంది రాశారు, నేను ఒక్క విషయమే చెబుతాను. 1847, 1852 మధ్య ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ రైళ్ల మనిషి కాదు. రైలు మార్గాల మీద పోసే డబ్బు కాలవల మీద పెడితే సాగునీరూ వస్తుంది, పడవల్లో సరుకూ పోతుందని జీవితాంతం వాదించాడు. అలాంటాయన నిలబెట్టిన నీళ్ల మీదనే ఈ రైలు వంతెనలున్నాయి. రాజమండ్రి దగ్గర నది వేసవిలో కూడా నిండుగా కనబడుతుందంటే, దిగువన ధవళేశ్వరం దగ్గర నీరు ఆగడమే కారణం. అంటే నిన్న అమ్మ ముట్టుకున్న రాతి మీది నాచుకు కాటన్ నీళ్లే ఆధారం. ఎవరు గెలిచారని నేననను. గోదావరి జిల్లాలకు కాలవలూ రైళ్లూ రెండూ కావాల్సొచ్చాయి.

సాయంత్రం మళ్లీ ఘాట్‌కే చేరాం. ఆర్చి బ్రిడ్జిని ఇంతదాకా సరిగ్గా చూడలేదు. పాత వంతెనకు బదులుగా దీన్ని 1991లో మొదలుపెట్టి 1997లో పూర్తి చేశారు. దీని పనితీరు తెలుసుకోవాలంటే విల్లును గుర్తు తెచ్చుకుంటే చాలు. వంచిన కర్ర రెండు కొసలూ బయటికి తన్నుకుపోవాలని చూస్తాయి, వాటిని అల్లెతాడు లాగి పట్టుకుంటుంది. ఇక్కడ పైన వంగిన కాంక్రీటు ఆర్చి వింటికర్ర అయితే, రైలు నడిచే కింది దూలం అల్లెతాడు. ఆ దూలాన్ని పై నుంచి వేలాడే కడ్డీలు మోస్తున్నాయి. ఆర్చి తోపు దూలంలోనే తీరిపోతుంది కాబట్టి స్తంభం మీద పడేది బరువొక్కటే. ఇలాంటివి 28 ఉన్నాయి, ఒక్కోటి దాదాపు 97.5 మీటర్లు.

ఇరవై ఎనిమిది అనగానే అమ్మ నా వైపు తిరిగింది. "యాభై ఆరులో సగం," అంది.

నేను అప్పుడే గమనించాను. కొత్త వంతెన ఒక్క విల్లు పాత వంతెన రెండు ఖానాలకు సరిపోతోంది. తాతయ్య అమ్మకు అంకెలు నేర్పింది పలక మీద కాదట. సాయంత్రాలు గట్టు మీద కూర్చోబెట్టి వంతెన ఖానాలు లెక్కపెట్టించేవాడట. బడికి వెళ్లేనాటికి అమ్మకు సరిగ్గా యాభై ఆరు దాకా వచ్చు. యాభై ఏడు ఉంటుందని పంతులుగారు చెప్పాకే తెలిసిందట.

1997 తరవాత ఆరేడు నెలలు తాతయ్య ఘాట్ వైపు రాలేదు. పాత ఇనుము కింద అమ్మేస్తారట అనే మాట విన్నాక మళ్లీ రావడం మొదలుపెట్టాడు. అమ్మడానికి ఊరు ఒప్పుకోలేదు. 2025 జూన్‌లో అఖండ గోదావరి పథకానికి శంకుస్థాపన జరిగింది. అందులో ఈ వంతెనను పర్యాటక స్థలంగా తీర్చిదిద్దే పని కూడా ఉంది. నేను కోరేది ఒకటే. రంగులు, లైట్లు ఎన్ని పెట్టినా పెట్టనీ, నడిచే దారిలో ఒక్కచోటైనా స్లీపరు సందులోంచి నీళ్లు కనబడేలా వదలాలి. అక్కడ నిలబడి కిందికి చూసినవాళ్లకు కీమేన్ పని ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

సోమవారం తెల్లవారుజామున

మా రైలు పొద్దున్నే. సామాను ఆటోలో పెట్టించి, అయిదు నిమిషాలు ఘాట్ దగ్గర ఆపమన్నాం. మంచు బాగా పట్టింది. నది కనిపించడం లేదు, నీళ్లు మెట్లకు తగిలే చప్పుడు మాత్రం వినిపిస్తోంది. వంతెన ఈ ఒడ్డు నుంచి కొంత దూరం పోయి మంచులో కలిసిపోయింది.

అమ్మ మెట్ల పైనే నిలబడి, శాలువా బిగించుకుని, చూపుడు వేలు ఎత్తి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. తొమ్మిదో ఖానా దగ్గర వంతెన అయిపోయింది, ఆ పైన అంతా తెలుపు. అమ్మ వేలు ఆగలేదు. కనబడని వంతెన మీద అదే వరసలో, అంతే నెమ్మదిగా, పది, పదకొండు, పన్నెండు అంటూ జరుగుతూ పోయింది. ఆటో అతను హారన్ కొట్టబోయి, అమ్మను చూసి చెయ్యి తీసేశాడు. యాభై నాలుగు, యాభై అయిదు.

"యాభై ఆరు," అంది అమ్మ. "కొవ్వూరు వచ్చేసింది. పద."